నిన్నటి లోకం, ఇవాళ్టి ఇల్లు, ఒకటే చీటీ: ప్రాజెక్టు డైరీ

పని ఇది. రోజూ రాత్రి ఒక్కసారి, సిరా లేకుండా వేడితో అచ్చేసే చిన్న థర్మల్ ప్రింటర్ నుంచి ఒక చీటీ బయటికి రావాలి. దాని మీద ప్రపంచ వార్తలు కొన్ని, ఖాళీ గీతలు కొన్ని. ఆ గీతల మీద ఇంట్లోవాళ్ళం ఆ రోజు సంగతి పెన్నుతో రాసి చీటీని డబ్బాలో వేస్తాం. అంతకుమించి ఏమీ లేదు. ఫోన్లో వార్తలు తిప్పుతూ కూర్చోవడం తగ్గాలని మొదలుపెట్టిన పని. ఇలాంటిది చేసుకోవాలనుకునేవాళ్ళ కోసం ఎక్కడ ఏది చెడిందో వివరంగా రాస్తున్నాను. సాఫీగా జరిగినవి ఒక్క ముక్కలో తేల్చేస్తాను.

సామాను: రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ బోర్డు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), 58 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటర్, ప్రింటర్‌కు విడిగా 5 వోల్టుల అడాప్టర్, నోటో సాన్స్ తెలుగు ఫాంటు, పైథాన్, అందులో ఫీడ్లు చదివే ఫీడ్‌పార్సర్, బొమ్మలు గీసే పిల్లో లైబ్రరీలు. ఫీడ్లు (కొత్త వార్తల్ని ప్రోగ్రాంలు చదివేలా సైట్లు ఇచ్చే జాబితాలు) ఆరు: తెలుగువి రెండు, ఇంగ్లీషువి మూడు, అమెరికా జియలాజికల్ సర్వే ఇచ్చే భూకంపాల ఫీడ్ ఒకటి (4.5 తీవ్రత, ఆపైన).

దశ 1: ఒత్తులు

మామూలు థర్మల్ ప్రింటర్‌లో తెలుగు అక్షరాలు ఉండవు. తెలుగు పంపితే చెత్త గుర్తులు వస్తాయి. అందుకని ప్రతి వాక్యాన్నీ బొమ్మగా గీసి పంపాలి. కాగితం 58 మిల్లీమీటర్లయినా అచ్చు పడేది 48 లోనే. మిల్లీమీటరుకు 8 చుక్కల లెక్కన అడ్డంగా 384 చుక్కలు. ఫాంటు 28 చుక్కలు పెడితే వరుసకు 18 నుంచి 20 అక్షరాలు పడుతున్నాయి.

మొదటి ప్రింటులో ఒత్తులన్నీ విడిపోయాయి. ‘స్త్రీ’ అని ఉండాల్సిన చోట స్, త్, రీ మూడూ దేనికది నిలబడ్డాయి. పిల్లో తనంతట తాను అక్షరాల్ని కూర్చదు, ఆ పనికి రాక్మ్ అనే తోడు లైబ్రరీ కావాలి. అది లేకపోయినా పిల్లో ఎర్రర్ ఇవ్వదు, తోచినట్టు గీసేసి ఊరుకుంటుంది. అందుకే ఈ తప్పు కోడ్ చూస్తే దొరకదు, కాగితం చూస్తేనే దొరుకుతుంది.

రాక్మ్ పెట్టాక వరుసలు విరిగే చోట ఇంకో గోల. పైథాన్ లెక్కలో ‘స్త్రీ’ ఒక అక్షరం కాదు, ఆరు. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ‘20 అక్షరాలకు విరువు’ అంటే అది ఈ ఆరింటి మధ్యలో ఎక్కడైనా నరికేస్తుంది, కింది వరుస గుడితోనో పొల్లుతోనో మొదలవుతుంది.

మూడోది కనిపెట్టడానికి అన్నిటికన్నా ఎక్కువ టైమ్ పట్టింది. ఫీడ్లలో కనబడని చెత్త క్యారెక్టర్లు వస్తుంటే వాటిని ఊడ్చేసే నాలుగు లైన్లు రాశాను. అప్పట్నుంచి ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అయింది, ‘హెడ్‌లైన్’ ‘హెడ్లైన్’ అయింది. పొల్లును పొల్లుగా నిలబెట్టేది జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని గుర్తు. చెత్తతోపాటు అదీ పోయింది.

చేయాల్సింది:

1. పిల్లోను ‘రాక్మ్ ఉందా?’ అని అడిగే లైను ప్రోగ్రాం మొదట్లోనే పెట్టండి. లేదంటే అక్కడే ఆగిపోవాలి.
2. అక్షరాలు లెక్కపెట్టకండి. పదాన్ని గీసి వెడల్పు కొలవండి, 384 దాటితే కింది వరుసకు దించండి.
3. ఊడ్చే లిస్టులోంచి జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను తీసేయండి.
4. వరుసకు 44 చుక్కల ఎత్తు ఇవ్వండి. ఇంగ్లీషుకు సరిపోయే ఎత్తు పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

ఇప్పటిదాకా లెక్క: ఒక అంశానికి మూడు వరుసలు, కాస్త ఖాళీ కలిపి 152 చుక్కలు, అంటే 19 మిల్లీమీటర్లు.

దశ 2: కరెంటు, వేగం

ప్రింటర్‌కూ బోర్డుకూ ఒకటే అడాప్టర్ ఇస్తే, చీటీ పైన నల్లటి పట్టీ పడుతున్నప్పుడల్లా బోర్డు రీస్టార్ట్ అయింది. అడ్డంగా చుక్కలన్నీ ఒకేసారి వేడెక్కితే ప్రింటర్ 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. రెండిటికీ వేరువేరు అడాప్టర్లు పెట్టి, నల్ల పట్టీ బదులు చుక్కల గీత పెట్టాను. సీరియల్ వైర్లతో కలిపేవాళ్ళు రెండిటి గ్రౌండ్ కలపడం మరవకండి.

వేగం సంగతి కాగితం మీదే తేలిపోతుంది. ఒక చుక్కల వరుసకు 48 బైట్లు. సీరియల్ వైర్ల మీద సెకనుకు 9600 బిట్ల వేగంలో, బైటుకు 10 బిట్ల లెక్కన, సెకనుకు 960 బైట్లే వెళ్తాయి, అంటే 20 వరుసలు, రెండున్నర మిల్లీమీటర్లు. మొదట్లో 40 అంశాల చీటీ వచ్చేది. 760 మిల్లీమీటర్లకు ఐదు నిమిషాలు పైనే పట్టింది. పైగా ఆగి ఆగి నడవడం వల్ల అక్షరాల మధ్య తెల్ల చారలు. యూఎస్‌బీకి మార్చాక చారలు పోయాయి.

ఇప్పటిదాకా లెక్క: చీటీ 76 సెంటీమీటర్లు. 15 మీటర్ల పేపర్ రోలు 19 రోజులకు అయిపోతుంది.

దశ 3: 40 అంశాల్లోంచి 5

ముప్పావు మీటరు చీటీని ఎవరూ చదవలేదు. రోజుకు రెండు వందల పైచిలుకు అంశాలు వచ్చే చోట ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

పరీక్షకు ఒక ఫైలు చేసుకున్నాను. 2023 నుంచి 2025 దాకా జరిగిన పెద్ద సంఘటనల హెడ్‌లైన్లను తేదీ, గంట వేసి కూర్చాను. కోడ్ మార్చినప్పుడల్లా ఆ ఫైలును దాని మీదికి వదిలి ఏ చీటీ వస్తుందో చూస్తాను. దీన్ని రిహార్సల్ ఫైలు అంటున్నాను. మీరు ఇంకేమీ చేయకపోయినా ఇది మాత్రం చేసుకోండి. ఇవాళ్టి వార్తల్లో ఏది ముఖ్యమో ఇవాళ మనకు తెలియదు, పాతవాటిలో తెలుసు.

మొదటి జల్లెడ: ఎక్కువ ఫీడ్లలో వచ్చింది పైకి. ఫలితం ఊహించినట్టే ఉంది, అందరూ చెప్పేదే చీటీ కూడా చెప్పింది. అప్పుడు దానికి ఫోన్‌కు తేడా ఏముంది?

రెండో జల్లెడ నాకు బాగా నచ్చి పెట్టుకున్నది. ప్రతి వార్త కింద ‘మనకేంటి?’ అని ఒక గీత. ఇంధనం, ఓడ, గ్యాస్, వీసా, మందులు, చిప్ లాంటి మాటల జాబితా చేశాను. హెడ్‌లైన్లో వాటిలో ఏదన్నా ఉంటే కింద ‘పార్శిళ్ళు ఆలస్యం కావచ్చు’ లాంటి మాట పడుతుంది. ఏ మాటా దొరకని వార్త చీటీ మీదికి రాదు. ఇంటి సంగతులూ లోకం సంగతులూ కలిపే చీటీకి ఇంతకన్నా మంచి జల్లెడ ఏముంటుంది అనిపించింది.

రిహార్సల్లో ఎర్ర సముద్రం వార్తలు ప్రతి చీటీలోనూ పడ్డాయి. 2023 చివర్లో యెమెన్‌లోని హౌతీల దాడులు మొదలయ్యాక ఓడలు సూయజ్ వదిలేసి ఆఫ్రికా చుట్టూ గుడ్ హోప్ అగ్రం మీదుగా తిరిగి వెళ్ళడం మొదలెట్టాయి. ఓడ, ఇంధనం, పార్శిల్ అన్నీ తగిలాయి. బాగానే ఉంది.

సూడాన్ మాత్రం ఒక్కసారే పడింది. 2023 ఏప్రిల్ 15న అక్కడ సైన్యానికీ పారామిలిటరీ దళానికీ మధ్య యుద్ధం మొదలైంది. కోటి మందికి పైగా ఇళ్ళు వదిలి పోయారు. దాదాపు ఏడాదిన్నర ముట్టడి తర్వాత 2025 అక్టోబరు 26న ఎల్ ఫాషర్ నగరం పారామిలిటరీ చేతికి పోయింది. ఫైల్లో ఇవన్నీ ఉన్నాయి, చీటీ మీద ఏదీ లేదు. ఆ పడిన ఒక్కటీ ఏమిటా అని చూస్తే, పోర్ట్ సూడాన్ మీద డ్రోన్ దాడి. పడింది కూడా దాడి జరిగినందుకు కాదు. ఆ ఊరు ఎర్ర సముద్రం ఒడ్డున ఉంది, ‘ఎర్ర సముద్రం’ నా జాబితాలో ఉంది.

జాబితాకు ఇంకో పది మాటలు చేరిస్తే సరిపోతుందని మా ఆయన అన్నారు. సరిపోదు. ‘మనకేంటి?’ అని అడిగే చీటీకి మనకేమీ కాని చావు ఎప్పటికీ కనబడదు. ఏ మాట చేర్చినా ప్రశ్న అదే. ఆ గీతను మొత్తంగా తీసేశాను.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి:

1. నాలుగు స్థానాలు ఎక్కువ ఫీడ్లలో వచ్చినవాటికి. ఒక దేశానికి ఒక్కటే.
2. ఐదో స్థానం చేత్తో రాసుకున్న జాబితాకు. సూడాన్, మయన్మార్, హైతీ, తూర్పు కాంగో, ఇలా. రోజుకొకటి వంతులవారీగా.
3. వంతు వచ్చిన చోట కొత్త వార్త లేకపోతే ‘కొత్త కబురు లేదు’ అని పడాలి. ఖాళీ వదలకూడదు, పక్కదానితో నింపకూడదు.
4. జాబితాలోంచి ఒక పేరు తీసేయాలంటే ఇంట్లో ఇద్దరు ఒప్పుకోవాలి.

నాలుగోది కోడ్‌లో లేదు, గోడ మీద ఉంది.

ఇప్పటిదాకా లెక్క: అంశాలు 5, వార్తల భాగం 95 మిల్లీమీటర్లు.

దశ 4: ఒక రోజు ఆలస్యం

అప్పటికప్పుడు వచ్చిన వార్త అప్పటికప్పుడు అచ్చయితే ఏమవుతుందో రిహార్సల్లో చూశాను.

2024 జులై 19. ప్రపంచమంతా కంప్యూటర్ల తెరలు నీలంగా మారాయి, విమానాలు ఆగాయి. తొలి గంటల్లో అందరి నోటా సైబర్ దాడేనా అన్న ప్రశ్న. తీరా అది ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన లోపభూయిష్టమైన అప్‌డేట్. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దెబ్బతిన్నవి 85 లక్షల విండోస్ కంప్యూటర్లు.

2025 జులై చివర్లో రష్యాలోని కమ్చట్కా భూకంపం. తీవ్రత ముందు 8.0 అన్నారు, తర్వాత 8.7, చివరికి 8.8. చూడ్డానికి చిన్న తేడాయే. ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి 32 రెట్లు పెరిగే కొలత ఇది. ఆ లెక్కన 8.0కూ 8.8కూ మధ్య దాదాపు 16 రెట్లు.

ఆరు గంటలు, పన్నెండు, ఇరవై నాలుగు, నలభై ఎనిమిది గంటల ఆలస్యంతో నడిపి చూశాను. పైన చెప్పిన రెండూ 24 గంటలకు కుదురుకున్నాయి. 48 గంటలు పెడితే మా అత్తగారు చీటీ ముట్టుకోలేదు. 24 గంటలకే ఆవిడకు అభ్యంతరం: ‘నిన్నటిది వార్త ఎలా అవుతుందమ్మా?’ టీవీ ఉంది కదత్తయ్యా అన్నాను. 24 దగ్గర ఆగాం.

ఆలస్యం అన్నిటికీ మందు కాదు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్‌లలో కరెంటు మొత్తం పోయింది. కారణం మర్నాటికీ తేలలేదు, పుకార్లు మాత్రం నిండుగా ఉన్నాయి. అలాంటి అంశం చివర ‘కారణం తేలలేదు’ అని వేస్తున్నాను. చావుల అంకెలకు ముందు ‘ఇప్పటికి’ అన్న మాట తప్పనిసరి. 2023 ఫిబ్రవరి 6 నాటి టర్కీ, సిరియా భూకంపంలో మర్నాటికి వేలల్లో ఉన్న అంకె చివరికి 50,000 దాటింది.

ఈ దశలో కోడ్ మూడు చోట్ల చెడింది.

కమ్చట్కా భూకంపం చీటీ మీద రెండుసార్లు పడింది. యూటీసీ (ప్రపంచ ప్రామాణిక టైము) ప్రకారం అది 29 రాత్రి 11 దాటాక, అక్కడి టైము ప్రకారం 30 ఉదయం. ఒక ఫీడ్ 29 అంది, ఇంకోటి 30 అంది. తేదీ, చోటు కలిస్తేనే ఒకటిగా చూసే నా కోడ్‌కు ఇవి రెండు భూకంపాలు.

తేదీ తీసేసి, ఒకే ప్రాంతంలో 12 గంటల లోపు వచ్చినవన్నీ ఒకటే అని రాశాను. కమ్చట్కా సరిపోయింది. టర్కీ చెడింది. అక్కడ తెల్లవారుజామున 7.8 వచ్చిన తొమ్మిది గంటలకు 7.5తో రెండోది వచ్చింది. నా కోడ్ దాన్ని నకలు అనుకుని చెరిపేసింది. ఇప్పుడు భూకంపం ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు వచ్చిందో జియలాజికల్ సర్వే ఫీడ్ నుంచే తీసుకుంటున్నాను. పత్రికల ఫీడ్లలో వచ్చినవి దానికి జత అవుతాయి తప్ప కొత్త అంశం కావు.

మూడోది గడియారం. జీరో బోర్డులో బ్యాటరీ గడియారం ఉండదు. కరెంటు పోయి వచ్చాక నెట్ అందేదాకా పాత టైమే చూపిస్తుంది. ఆ లెక్కలో వార్తలన్నీ రాబోయే కాలానివి, ఏదీ 24 గంటలు దాటలేదు, చీటీ ఖాళీ. టైము సరిచూసుకున్నాకే ప్రోగ్రాం మొదలయ్యేలా మార్చాను. నెట్ సరిగా ఉండని చోటయితే డీఎస్3231 గడియారం ముక్క పెట్టుకోండి.

ఒక హెచ్చరిక: తుపాను, వరద, సునామీ హెచ్చరికలకు ఈ చీటీ పనికిరాదు. ఫోన్లో ఎమర్జెన్సీ అలర్టులు ఆపొద్దు.

దశ 5: ఇంటి గీతలు

మొదట పైన వార్తలు, కింద ఐదు ఖాళీ గీతలు ఉండేవి. గీతలు చాలా రోజులు ఖాళీగానే పోయాయి. రాసినా వార్త మీద వ్యాఖ్యానమే రాశారు, ‘ఘోరం’, ‘ఎప్పుడు ఆగుతుందో’ అని. పాపను అడిగితే ఒక్క మాటలో తేల్చింది: ‘పైన అంతమంది చచ్చిపోతే కింద నా లెక్కల టెస్టు గురించి రాయనా?’

గీతల్ని పైకి మార్చాను. వార్తలు కిందికి వెళ్ళాయి. హెడ్‌లైన్లకు పెట్టిన లావు అక్షరం కూడా తీసేశాను. మార్చాక వచ్చిన ఒక చీటీ ఇలా ఉంది. పైన నీలం బాల్‌పెన్‌తో, అత్తగారి రాత: ‘ట్యాంకు వాల్వు మార్చారు. ఇంకా కారుతోంది.’ దాని కింద పాప: ‘లెక్కలు 17/25. ఒకటి కరెక్టే, టీచర్ని అడగాలి.’ తర్వాత మా ఆయన గీతలో బీపీ 138/86. చుక్కల గీత. దాని కింద ఐదు వార్తలు, చివరిది ‘హైతీ: కొత్త కబురు లేదు.’ 

వార్త తలుచుకుని ఇంటి సంగతి రాయడానికి సిగ్గుపడాల్సిన పని లేదని నేను చెప్పి ఒప్పించలేకపోయాను. గీతలు పైకి జరిపితే సరిపోయింది.

పెన్ను సంగతి: జెల్ పెన్ను ఈ కాగితం మీద ఆరక అలుక్కుపోతుంది. ఆల్కహాల్ మార్కర్ పెడితే కాగితమే నల్లబడుతుంది. శానిటైజర్ తడి ఆరని చేత్తో పట్టుకున్నా అంతే, వేలిముద్రలు నల్లగా దిగుతాయి. బాల్‌పెన్, పెన్సిల్ బాగున్నాయి.

దశ 6: కాగితం

థర్మల్ అచ్చు నిలవదు. ఎండకు, వేడికి, ప్లాస్టిక్ కవర్లో పెడితే ఇంకా త్వరగా వెలిసిపోతుంది. అట్టడబ్బా వాడుతున్నాను. వార్తల భాగం ఎలాగూ ఫైల్లో ఉంటుంది, చేత్తో రాసిన భాగాన్ని వారానికోసారి ఫొటో తీస్తున్నాను. కొనేటప్పుడు బిస్ఫినాల్ ఎ అనే రసాయనం లేని రోలు చూసుకోండి. ఐరోపా యూనియన్ థర్మల్ కాగితంలో దాన్ని 2020 జనవరి నుంచి కట్టడి చేసింది.

అత్తగారికి 28 చుక్కల అక్షరం ఆనడం లేదు. 36కు పెంచాను. వరుస ఎత్తు 56, అంశానికి నాలుగు వరుసలు.

ఇప్పటిదాకా లెక్క:
- చిన్న అక్షరంతో చీటీ 16 సెంటీమీటర్లు (వార్తలు 95, ఇంటి గీతలు 40, తేదీ 15, చివరి ఖాళీ 10 మిల్లీమీటర్లు). రోలు 93 రోజులు.
- పెద్ద అక్షరంతో వార్తలు 152 మిల్లీమీటర్లు, మొత్తం దాదాపు 22 సెంటీమీటర్లు. రోలు 69 రోజులు.
- పెద్దదే ఉంచాం.

దశ 7: సవరణ (ఇంకా తేలలేదు)

అచ్చయ్యాక వార్త మారితే? ప్రతి అంశాన్నీ దాని గుర్తింపు సంఖ్యతో ఏడు రోజులు గమనించి, హెడ్‌లైన్ మారితే ‘సవరణ’ అని మరుసటి చీటీలో వేయాలనుకున్నాను. పత్రికలు కామా మార్చినా, ‘లైవ్’ తీసేసినా సవరణ పడింది. అంకెలు మాత్రమే పోల్చమంటే, భూకంపం తర్వాత రోజూ పెరిగే చావుల అంకెకు రోజూ సవరణ పడింది. ఇప్పుడు అంకె రెట్టింపయితేనే వేస్తున్నాను. దీనితో సంఖ్యల గొడవ చాలావరకు సర్దుకుంది.

కారణాల గొడవ మిగిలింది. స్పెయిన్ బ్లాకౌట్ మీద ఆ దేశ ప్రభుత్వ నివేదిక 2025 జూన్ 17న వచ్చింది. వోల్టేజీ అదుపు తప్పి పెరగడం అందులో చెప్పిన కారణం. నా ఏడు రోజుల గమనింపు అప్పటికి ఎప్పుడో ముగిసిపోయింది. అందుకని ‘కారణం తేలలేదు’ అని పడిన ప్రతి అంశమూ తేలేదాకా చేతిరాత జాబితాలోకి వెళ్ళేలా మారుస్తున్నాను. రిహార్సల్ ఫైల్లో ఏప్రిల్ 28 అంశానికి జవాబు జూన్ 18 చీటీ మీద పడితే ఈ దశ మూసేస్తాను. ప్రస్తుతానికి పడటం లేదు, జాబితాలో వంతు వచ్చేసరికి 20 అవుతోంది.